రెండుసార్లు మోగిన పైపు

"ఎడమ చెయ్యి ఇలా పెట్టండి ఉస్తాద్," అన్నాడు గిరి.

హమీదుద్దీన్ తన మేడ గదిలో టీ గ్లాసు జరిపి, అరవై మూడేళ్ళ చేతిని బల్ల మీద బోర్లా పెట్టాడు. మణికట్టు నుంచి కణుపుల దాకా చర్మం శుభ్రంగా ఉంది. బొబ్బ లేదు. ఎరుపు కూడా లేదు.

"ఇప్పుడు కుడి చెయ్యి."

కుడి చూపుడువేలు, మధ్యవేలు చివర్లలో చర్మం ఉల్లిపొరలా ఊడుతోంది.

గిరి గడియారం చూసుకున్నాడు. సోమవారం, ఉదయం పదకొండూ పది. అది భార్య ప్రమీల కొనిచ్చిన గడియారం. పెళ్ళయి నలభై రోజులైంది. సెకన్ల ముల్లు విడిగా తిరిగే గడియారమది, పక్కనున్న చిన్న మీట నొక్కితే ఆగుతుంది. అవసరం ఉన్నా లేకపోయినా రోజుకి యాభైసార్లు దాన్ని చూసుకోవడం అతనికి అలవాటైపోయింది. ఇవాళ మాత్రం నిజంగానే అవసరం. సాయంత్రం నాలుగింటికి బాక్సింగ్ పోటీల కమిటీ కూర్చుంటుంది. ఆ పోటీకి బీమా చేసిన కంపెనీ తరఫున గిరి అప్పటికి రిపోర్టు ఇవ్వాలి. ఇవ్వకపోతే షో కంపెనీ సెక్యూరిటీ మేనేజర్ నితీష్ ఇచ్చిన రిపోర్టే మిగులుతుంది. అందులో ఉన్నది ఒక్కటే మాట: హమీదుద్దీన్ తన శిష్యుడి కన్ను తానే పోగొట్టాడు.

జరిగింది శుక్రవారం. జగిత్యాల వైపు నుంచి గల్ఫ్‌కి స్కాఫోల్డింగ్ పనికి వచ్చిన ముత్యం ఛాంపియన్ మీద నాలుగు రౌండ్లు గెలుస్తూ వచ్చాడు. నాలుగో రౌండు అయ్యాక విరామంలో హమీదుద్దీన్ అతని ఎడమ కనుబొమ్మకి చర్మం చిట్లకుండా జెల్లీ రాశాడు. ఐదో రౌండు మొదలైన ఇరవై ఐదో సెకనులో ముత్యం కన్ను మూసుకుని కేకపెట్టాడు. జెల్లీలో కండరాల నొప్పికి రాసే మంట మందు కలిసి ఉంది. రిఫరీ ఆపేలోపు కనబడని ఆ కంటి మీదే మూడు గుద్దులు పడ్డాయి. లోపలి పొర చిరిగింది. శనివారం ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ నింపారు. నిన్న డాక్టర్ గిరికి రెండు విషయాలు వేళ్ళు మడిచి మరీ చెప్పాడు. పది రోజులు బోర్లా పడుకోవాలి. గ్యాస్ పూర్తిగా పోయేదాకా విమానం ఎక్కకూడదు, పైకి వెళ్తే గ్యాస్ ఉబ్బి కన్ను శాశ్వతంగా పోతుంది.

"ఎడమ చేతి వెనకాల జెల్లీ పెట్టుకోవడం మీ అలవాటా?"

"నా ఒక్కనిదే కాదు సాబ్, పాతోళ్ళందరిదీ," అన్నాడు హమీదుద్దీన్. "రింగు ఎక్కేటప్పుడే చెయ్యి వెనకాల ముద్ద పెట్టుకుంటం. డబ్బా ఎవడు ముట్టిండో తెల్వది. చెయ్యి నాదే గద."

"మరి నాలుగో రౌండు తర్వాత డబ్బాలో ఎందుకు వేలు పెట్టారు?"

పెద్దాయన ఊడుతున్న వేలి చివర్లు చూసుకున్నాడు. కింద దర్జీ దుకాణంలో మిషన్ ఆగకుండా కొట్టుకుంటోంది.

"స్పాన్సర్ డబ్బా కెమెరాకు కనబడాలె అన్నరు షో కంపెనోళ్ళు. మూడు రౌండ్లు నేను ఇన్లే. నాలుగోదానికి వాళ్ళు చెవుల పెట్టిన మెషీన్ల ఒకటే లొల్లి. డబ్బా, డబ్బా, డబ్బా అని. గంతల పక్కనుంచి ఒక చెయ్యొచ్చింది, మూత తీసిన డబ్బా పట్టుకొని. నేను పోరని కనుబొమ్మ చూస్తున్న. రెండు వేళ్ళు ముంచి రాసిన. నా చేతులతోటి నేనే రాసిన సాబ్."

"ఎవరి చెయ్యి?"

"నల్ల గ్లౌజు. గంతే చూసిన."

"మొహం చూడలేదా?"

"గంటకూ గంటకూ నడుమ అరవై సెకన్లుంటయి. గప్పుడు మొహాలు చూసెటోడు కోచ్ అయితడా?"

గిరి రాసుకున్నాడు. ఆ అరవై సెకన్లూ డబ్బు కట్టి చూసినవాళ్ళకి కనబడింది ప్రకటనలే. డబ్బా కెమెరాకి కనబడాలన్నారే గానీ, కెమెరాలన్నీ ఛాంపియన్ మూల చుట్టూనే ఉన్నాయి. ఆ చెయ్యి ఏ బొమ్మలోనూ లేదు. హమీదుద్దీన్ ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ముత్యానికి మాత్రం ఆ మనిషి మొహం కనబడి ఉండాలి. నిన్నటిదాకా మత్తులో ఉన్న ముత్యంతో మాట్లాడ్డానికి డాక్టర్ ఇవాళ రెండింటికి రమ్మన్నాడు.

గోడ మీద పాత ఫోటో ఉంది. పనివాళ్ళు ఉండే క్యాంపు వెనకాల ఖాళీ జాగాలో స్కాఫోల్డింగ్ పైపులతో కట్టిన రింగు. చుట్టూ నీళ్ళ డ్రమ్ముల మీదా, ఇటుకల మీదా కూర్చున్న మనుషులు. అందరి నోళ్ళూ తెరిచే ఉన్నాయి.

"అప్పట్ల శుక్రవారం పొద్దుగాల," అన్నాడు హమీదుద్దీన్, అతని చూపు పట్టుకుని. "డ్యూటీ లేని రోజు. టికెట్ లేదు, కుర్సీ లేదు. మూడు రౌండ్లు కొట్టుకునుడు, అయినంక ఇద్దరూ ఒక్క పళ్ళెంలనే తినుడు. గది రూలు. ఒక్క పళ్ళెంల తిననోడిని మళ్ళ రింగు ఎక్కనియ్యకపోతుంటిమి. మంచిగ కొట్టెటోనికి పెద్దోనితోటి ఛాన్స్ దొరికేది. ఇప్పుడు ఎవని మొహం అమ్ముడువోతే వానికి ఛాన్స్. ఆ ఛాంపియన్ ఓడిపోతే వాని మొహం ఎవడు కొంటడు సాబ్?"

గిరికి కాకినాడలో తమ వీధి గుర్తొచ్చింది. వీధి మొత్తానికి ఒకటే రంగుల టీవీ ఉండేది. క్రికెట్ వస్తే కిటికీల్లోంచి, గోడల మీంచి అందరూ దానికే వేలాడేవాళ్ళు. సిక్సర్ కొడితే వీధంతా ఒక్కసారే అరిచేది. ఆ కేకలో తన గొంతు ఏదో తనకే తెలిసేది కాదు. ఎంత బాగుండేదో!

అతను సంచిలోంచి టిఫిన్ డబ్బా తీశాడు. మూత లోపల చీటీ ఉంది. "పులిహోరలో జీడిపప్పులు పదకొండు. లెక్కపెట్టి తిను, సాయంత్రం అడుగుతా." నవ్వాపుకుంటూ డబ్బాని బల్ల మధ్యకి జరిపాడు.

"రండి ఉస్తాద్. ఒక్క పళ్ళెం."

పెద్దాయన మూడు రోజుల్లో మొదటిసారి నవ్వాడు. జీడిపప్పులు ఆరు ఆయన వైపే వెళ్ళాయి. గిరి అడ్డుకోలేదు.

* * *

పన్నెండూ అయిదుకి ఇద్దరూ స్టేడియం వెనక సామాన్ల గదిలో ఉన్నారు. సీలు వేసిన పెట్టె ముందు నితీష్ నిలబడి ఉన్నాడు. ముప్ఫై అయిదేళ్ళు, ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"మిస్టర్ గిరి! పెళ్ళయిన కొత్తలో ఇంటిపట్టున ఉండాలి గానీ, ఇలా డబ్బాల చుట్టూ తిరుగుతారా?"

"మా ఆవిడా అదే అంటోందండీ. సీలు తీయించండి."

నితీష్ హమీదుద్దీన్ వైపు చూడలేదు. "నిందితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. ఇది కమిటీకి చెప్పాల్సి ఉంటుంది."

"చెప్పండి. ఆయన మూల సామానుని ఆయనే గుర్తుపట్టాలి."

పెట్టెలో ఎర్ర గుడ్డ మూట, బకెట్, రెండు తువ్వాళ్ళు, పక్కనే విడి సంచిలో స్పాన్సర్ కంపెనీ బంగారు రంగు డబ్బా ఉన్నాయి. గిరి డబ్బా సంచిని దీపం కిందకి పట్టుకెళ్ళి, వంగి చాలాసేపు చూశాడు.

"ఈ డబ్బా డ్రెస్సింగ్ రూమ్ నుంచే హమీదుద్దీన్ గారి దగ్గర ఉందని మీరు రాశారు."

"ఉంది. మేమే ఇచ్చాం."

"నాలుగు విరామాల్లోనూ ఇదే వాడారని కూడా రాశారు."

"అవును."

"ఇందులో రెండు వేళ్ళు ముంచిన గాడి ఒక్కటే ఉందండీ. మిగతా జెల్లీ పైపొర కరిగించి పోసినట్టే నున్నగా ఉంది. మిగిలిన మూడుసార్లు గాల్లో ముంచారా?"

నితీష్ కనుబొమ్మ కదిలింది. "ముందు మంచి డబ్బా వాడి, తర్వాత దీన్ని తీసి ఉంటాడు."

"ఒట్టి వేళ్ళతోనా? కాలిన చర్మం మీరే చూడండి."

"కాలితే అమాయకుడైపోతాడా? ముసలితనం. చూసుకోలేదు. ఛాంపియన్ మనుషులు ఏదో ఇచ్చి ఉంటారు, పుచ్చుకున్నాడు."

"ఏమన్నవ్‌రా?" హమీదుద్దీన్ ఒక్క అడుగు ముందుకేశాడు. "నేను పుచ్చుకున్ననా? క్యాంపుల నీకు జ్వరమొస్తే గంజి వోసింది మరిచినవా?"

"పాత ముచ్చట్లు ఇక్కడొద్దు హమీద్ భాయ్," అన్నాడు నితీష్. ఆ ఒక్క మాటలో అతని ఊరు వినబడింది. వెంటనే సర్దుకుని గిరి వైపు తిరిగాడు. "నేను ఆ రోజు డ్యూటీలో కూడా లేను. జ్వరం. ఈ ఊళ్ళోనే మదీనత్ ఖలీఫాలో మా ఇంట్లో సోఫా మీద పడుకుని, అందరిలాగే డబ్బు కట్టి టీవీలో చూశాను. రసీదు ఇదిగో. అబ్బాయి కన్ను పట్టుకోవడం చూసీ చూడగానే రింగు పక్క గార్డుకి ఫోన్ చేశాను. ఆ డబ్బా పట్టుకోమని చెప్పాను. గార్డు రికార్డు చూసుకోండి. అయిదూ ముప్ఫై ఒకటీ ఇరవై సెకన్లు. నేను అంత చురుగ్గా లేకపోతే ఈ డబ్బా మీకు దొరికేదా?"

"దొరికేది కాదండీ. చురుకే," అన్నాడు గిరి రాసుకుంటూ. "కన్ను పట్టుకున్న బొమ్మని మీవాళ్ళు టీవీలో వెయ్యకుండా ఆపి ఉండొచ్చు కదా?"

"ఆపగలం. బూతు మాట వచ్చినా, మరీ రక్తం కనబడినా కోసెయ్యడానికి బొమ్మని నలభై ఐదు సెకన్లు మా దగ్గరే పట్టి ఉంచుతాం. కొన్న ప్రతి ఇంటికీ అంతే ఆలస్యంగా వెళ్తుంది. ఆ పద్ధతి పెట్టించింది నేనే. కానీ ఇది దాచాల్సిన విషయం కాదు. జనం చూడాలి. ఇవాళ ప్రపంచమంతా దీని గురించే మాట్లాడుతోంది."

"ఫలితం లేని పోటీ కాబట్టి మళ్ళీ ఆడిస్తారు."

"ఒప్పందంలోనే ఉంది. మొదటిదానికి రెండింతల మంది కొంటారు. తప్పేముంది?"

"ముత్యానికి కన్ను లేకపోతే ఎవరితో ఆడిస్తారు?"

 నితీష్ ఫోన్ ఒకటి మోగింది. పక్కకి తిరిగి, "ఆఁ, చెకిన్ అయిందా? గేటు దాకా వెంట ఉండండి," అని పెట్టేసి, గడియారం చూసుకున్నాడు. "అతిథులు వెళ్తున్నారు. నాలుగింటికి కమిటీలో కలుద్దాం. యల్లా, వస్తా."

అతను బయటికి వెళ్ళేసరికి పన్నెండున్నర.

* * *

గుమ్మంలోకి తల పెట్టినవాడు హనుమప్ప. హమీదుద్దీన్ మూలలో బకెట్ అందించే మనిషి, క్యాంపు రోజుల నుంచీ ఆయన వెంటే ఉన్నాడు.

"సారూ, మా పైపు మాకియ్యుండ్రి. షో అయిపాయె గద."

గోడకి చేరేసి రెండు మూరల స్కాఫోల్డింగ్ పైపు ముక్క ఉంది. తాడు చుట్టి, పక్కన ఇనప పానా కట్టారు. క్యాంపు రింగులో గంట అదే. 'కూలీ గూడెం నుంచి ఛాంపియన్ రింగుకి' అని కథ అమ్ముకోవడానికి షో కంపెనీ దాన్ని అడిగి తెచ్చి, శుక్రవారం ప్రతి రౌండుకీ దాన్నే మోగించింది.

"కథకి పైపు కావల్సి వచ్చె, పైపు కాడ కూసునెటోళ్ళు వద్దైపోయిరి," అన్నాడు హనుమప్ప దాన్ని నిమురుతూ. "ఒక్కొక్క టికెట్ నెల జీతమాయె. క్యాంపోళ్ళంత గలిసి టీవీ షో ఒక్కటే కొనుక్కొని, గోడకు దుప్పటి గట్టి బొమ్మేసుకొని సూసిరి. నేను మూల కాడ క్యాంపుకు ఫోన్ గలిపి జేబుల పెట్టిన. మనోళ్ళ కేకలు ముత్యానికి ఇనబడాలె గదా అని."

"వినబడ్డాయా?"

"యాడ సారూ!" హనుమప్ప మొహం చిన్నబోయింది. "ఈడ గుద్దు పడితే ఆడ సప్పుడే లేదు. ఈడ సల్లగైనంక ఆడ అరుస్తుండ్రి. అప్పట్ల అందరం ఒక్కసారే అరుస్తుంటిమి. మొన్న మా కేక ఒకటి, వాళ్ళ కేక ఒకటి."

గిరి కలం ఆగింది.

వీధంతా ఒక్కసారే అరిచేది.

"హనుమప్పా! ఆ కాల్ రికార్డు చేశావా?"

"సేసిన. గుర్తుకుంటదని."

"ఐదో రౌండు పెట్టు."

హనుమప్ప ఫోన్‌ని పెట్టె మీద పెట్టాడు. జనం హోరు, హమీదుద్దీన్ ఆయాసం, ఎవరో "టైమ్!" అనడం వినిపించాయి. తర్వాత టంగ్‌మని పైపు మోగింది. గిరి గడియారం పక్క మీట నొక్కాడు.

పది సెకన్లు. ఇరవై. ఇరవై అయిదు దగ్గర హమీదుద్దీన్ గొంతు చీలినట్టుగా, "ముత్యం! అరే, కన్ను!" అంది. ముసలాయన గోడ వైపు తిరిగిపోయాడు. ముప్ఫై. తడిసిన బట్టని రాతికి బాదినట్టు గుద్దులు. నలభై. రిఫరీ కేకలు.

నలభై ఐదు దగ్గర, సన్నగా, బావిలోంచి వచ్చినట్టు, మళ్ళీ టంగ్‌మంది.

అదే పైపు. ఈసారి క్యాంపు గోడ మీది దుప్పటి దగ్గర్నుంచి. వెంటనే రెండు వందల గొంతులు ఆనందంగా, "కొట్టు ముత్యం! కొట్టు!" అన్నాయి. ఇక్కడ ముత్యం అప్పటికే చూపు లేకుండా మోకాళ్ళ మీద ఉన్నాడు. వాళ్ళకి తెలీదు. ఇంకా ఇరవై అయిదు సెకన్ల దాకా తెలీదు.

గిరి సంచిలోంచి అధికారిక టైమ్ కాగితం తీసి పెట్టె మీద పరిచాడు.

"ఐదో రౌండు గంట ఇక్కడ మోగింది అయిదూ ముప్ఫై, నలభై సెకన్లకి. టీవీ కొన్నవాళ్ళ ఇళ్ళల్లో మోగింది అయిదూ ముప్ఫై ఒకటి, ఇరవై ఐదు సెకన్లకి. నితీష్ ఫోన్ చేసింది ఎప్పుడు?"

"ముప్ఫై ఒకటీ ఇరవై అన్నడు గద," అన్నాడు హనుమప్ప.

"అంటే అతను గార్డుకి ఫోన్ చేసే సమయానికి వాళ్ళింటి టీవీలో ఐదో రౌండు మొదలే కాలేదు. ఇంకా ప్రకటన నడుస్తోంది. ముత్యం కన్ను పట్టుకోవడం అతను సోఫా మీద నుంచి చూసే వీలే లేదు. ఆ సమయానికి దాన్ని చూడగలిగింది ఈ హాల్లో ఉన్నవాళ్ళే."

హమీదుద్దీన్ వెనక్కి తిరగలేదు. ఆయన చెయ్యి మాత్రం తడుముకుంటూ వెళ్ళి పైపు మీద ఆగింది.

"ఈ గంట ఎవరు కొట్టెటోళ్ళో ఎరుకనా సాబ్?" అన్నాడు. "ఫోటోల మూలకు ఒక పోరడుంటడు, పానా పట్టుకొని. నితీషే. కొత్తగ వచ్చిండు, గుద్దులకు భయపడేది. పోనీ టైమ్ చూసుకోరా అని నేనే కూసోబెట్టిన. మూడు నిమిషాలు అంటే మూడే. ఒక్క సెకన్ తప్పనియ్యకపోయేది." మెల్లగా అన్నాడు. "నేనే నేర్పిన."

 గిరికి ఉదయం నుంచీ గడియారం చూసినప్పుడల్లా కలిగిన చిన్న సంతోషం ఒక్కసారిగా మాయమైంది. ఆ చెయ్యి నితీష్‌దేనని ఇంకా రుజువు కాలేదు. కానీ చెప్పగల మనిషి ఒకడున్నాడు. స్టూలు మీద ఎదురుగా కూర్చున్నవాడు. రెండింటిదాకా ఆగడం ఎందుకు? ఆసుపత్రికి ఫోన్ చేశాడు.

"ముత్యం గారా?" అంది నర్సు హిందీలో. "ఉదయం ఎనిమిదింటికి డిశ్చార్జ్ అయ్యారు. కంపెనీవాళ్ళు బాధ్యత తీసుకుని సంతకం పెట్టారు. జాగ్రత్తలన్నీ డాక్టర్ ఇంగ్లీషులో చెప్పారు. వచ్చిన సారే ఆయనకి వాళ్ళ భాషలో విడమర్చారు."

"ఆ సారు పేరు?"

"నితీష్."

చెకిన్ అయిందా. గేటు దాకా వెంట ఉండండి.

గిరి హమీదుద్దీన్ ఫోన్ తీసుకుని ముత్యానికి రెండుసార్లు చేశాడు, కలవలేదు. మూడోసారి రింగయింది. గడియారంలో పన్నెండూ యాభై ఎనిమిది. ఫోన్ స్పీకర్ మీద పెట్టాడు.

"ఉస్తాదేనా?" ముత్యం గొంతు అలసటగా, సంబరంగా ఉంది. వెనకాల అరబ్బీలో, ఇంగ్లీషులో ఏదో ప్రకటన. "మీకు చెప్పకుండనే వస్తున్న, కోపం కాకుండ్రి. డాక్టర్ సాబ్ ఇంటికి పొమ్మన్నడంట. బోర్లా పండుకునుడు ఇంటి కాడైతే మంచిగుంటదన్నడంట. నితీష్ సారే టికెట్ ఇచ్చిండు. మా అవ్వ రాములవ్వకు ఫోన్ చేసిన. ఆమెకు గల్ఫంత దుబాయే గద, దుబాయ్ డాక్టర్లు నా కొడుకు కన్ను బాగు చేసి పంపిండ్రని వాడంతా చెప్పుకుంటుందట..."

"ముత్యం! విమానం ఎక్కకు!" హమీదుద్దీన్ ఫోన్ లాక్కున్నాడు. "బేటా, నీ కంట్ల గ్యాస్ ఉన్నది! పైకి పోతే కన్ను పోతది! ఇంటున్నవా?"

"హలో? ఉస్తాద్, ఈడ లొల్లి మస్తున్నది, ఇనబడ్తలేదు. ఊరికి పోయి చేస్త. ఇంకోటి ఉస్తాద్, ఆ డబ్బా ఇచ్చింది మీరు కాదని నాకెరుక. నేను చూసిన. ఊరికి పోయినంక అన్నీ చెప్త. లైన్ కదులుతుంది..."

ఫోన్ ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచ్ ఆఫ్.

గిరి అప్పటికే తలుపు దగ్గరున్నాడు, ఒక చేత్తో కారు తాళాలు, ఇంకో చేత్తో విమానాశ్రయం పోలీసు నంబర్. అతని వెనకే పరుగెత్తబోయిన హనుమప్ప చేతిలోంచి పైపు జారి, సిమెంటు నేల మీద టంగ్‌మని మూడోసారి మోగింది.

ఆ మోత వినాల్సిన ఒక్క మనిషి విమానం మెట్లెక్కుతున్నాడు.